అగ్నిపర్వతం మోసుకొచ్చిన పరాయి రాళ్ళు: మాంటిల్ ముక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పడం నా పని. మా ఇంట్లో బల్ల మీద ఉసిరికాయంత రాయి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకోకుండా ఉండరు, తీసుకున్నాక ప్రశ్న వేయకుండా ఉండరు. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, కరెంటు పనికి వచ్చినవాళ్ళు, పల్నాడు వైపు నుంచి సంచిలో రంగురాళ్ళు కట్టుకొచ్చేవాళ్ళు, అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబుల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ రాయిలో ఏముంది సార్? ఎందుకంత జాగ్రత్తగా పెట్టుకున్నారు?

బయట నల్లగా గరుకుగా కనిపించేది బసాల్టు. గడ్డకట్టిన లావా అన్నమాట. ఒక పక్క పగిలినచోట లోపల ఆకుపచ్చ గింజల ముద్ద కనిపిస్తుంది. అసలు సరుకు అదే. భూతద్దం పెట్టి ఎండలో చూస్తే నాలుగు రకాల గింజలు తేలతాయి. ఎక్కువ భాగం గోలీసోడా సీసా రంగులో, గాజులా మెరిసే పెసరబద్దలంత గింజలు. అవి ఆలివిన్. వాటి మధ్య తాటిబెల్లం రంగులో ఉన్నవి ఎన్‌స్టటైట్. అక్కడక్కడా పచ్చిమిరపకాయ రంగులో నిగనిగలాడేవి క్రోమ్ డయాప్సైడ్. ఆవగింజకన్నా చిన్నగా నల్లగా ఉన్నవి స్పినెల్.

ఈ నాలుగూ కలిసిన రాయిని లెర్జొలైట్ అంటారు. పెరిడోటైట్ కుటుంబంలో ఒక రకం. ఇది నేల మీద పుట్టిన రాయి కాదు. మన కాళ్ళ కింద భూపటలం అయిపోయాక మొదలయ్యే మాంటిల్‌లో ఒక ముక్క. స్కూలు పుస్తకాల్లో దాన్నే భూప్రావారం అంటారు. గుజరాత్‌లో కచ్ ప్రాంతంలో, భుజ్ దగ్గరి కొండల్లో సుమారు 6.5 కోట్ల ఏళ్ళ కిందటి లావాలో ఇలాంటివి దొరుకుతాయి. నాదీ అక్కడిదే.

దీన్ని జెనోలిత్ అని ఎందుకంటారు?

గ్రీకులో జెనోస్ అంటే పరాయివాడు, లిథోస్ అంటే రాయి. పరాయి రాయి. తనది కాని రాతిలో ఇరుక్కుని బతుకుతున్న రాయి. నేను క్లాసులో 'పరాయి రాయి' అనే చెబుతాను, పిల్లలకు బాగా గుర్తుంటుంది.

భూమి లోపలంతా మరుగుతున్న లావాయే కదా? అక్కడ గట్టి రాయి ఎలా ఉంటుంది?

అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఈ అపోహ పోతేనే మిగతాదంతా అర్థమవుతుంది.

మాంటిల్ గట్టిది. దాదాపు 2,890 కిలోమీటర్ల లోతు వరకూ అది రాయే. భూకంపం వచ్చినప్పుడు పుట్టే తరంగాల్లో ఒక రకం ద్రవంలోంచి పోలేదు, ఘనపదార్థంలోంచి మాత్రమే పోతుంది. ఆ తరంగాలు మాంటిల్ గుండా హాయిగా సాగిపోతాయి. దాని కిందున్న బాహ్య కేంద్రమండలం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి. ద్రవంగా ఉన్నది అది, ఇనుము ఎక్కువగా ఉన్న పొర.

మాంటిల్‌లో వేడి వెయ్యి డిగ్రీలు దాటినా పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. వేడి రాయి పైకి లేచి ఒత్తిడి తగ్గినచోట, నీరు చేరినచోట మాత్రం కొద్ది శాతం కరుగుతుంది. తడిసిన ఇసుకలో నీళ్ళలా గింజల సందుల్లో ఊరిన ఆ కొద్ది ద్రవమే మాగ్మా. అది ఒకచోట చేరి, పగుళ్ళు చేసుకుంటూ పైకి దారి తీస్తుంది. ఆ దారి గట్టి మాంటిల్ గుండానే పోవాలి. పోయేటప్పుడు పక్క గోడల నుంచి విరిచి పట్టుకొచ్చిన ముక్కలే ఈ రాళ్ళు.

లావాలోనే పుట్టిన గింజలు ఎందుకు కాకూడదు? లావా చల్లారేటప్పుడు ఆలివిన్ కూడా వస్తుందిగా?

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయిని నేను మరిచిపోను. శాస్త్రవేత్తలు చాలా కాలం వాదించుకున్నది సరిగ్గా దీని మీదే. ఈ ఆకుపచ్చ ముద్దలు లావాలోనే ముందుగా గడ్డకట్టి అడుగున పేరుకున్న గింజలని ఒక వర్గం, కింద వేరేగా ఉన్న రాతి నుంచి తెగి వచ్చిన ముక్కలని ఇంకో వర్గం.

వంటింటి భాషలో చెబుతాను. బెల్లం పాకం పట్టి వేరుశనగ గుళ్ళు వేసి అచ్చు పోస్తాం. ఆ గుళ్ళు పాకంలో పుట్టినవి కావు, చేలో పుట్టి వచ్చాయి. అదే పంచదార పాకం ముదిరి గిన్నె అడుగున పలుకులు కడితే ఆ పలుకులు పాకం బిడ్డలే. అచ్చు ముక్క చేతికిచ్చి, ఇందులో గట్టిగా తగిలేది గుళ్ళా, పాకం పలుకులా అని అడిగితే ఎలా తేలుస్తాం? కొరికి చూస్తాం. రుచి వేరు, గుణం వేరు.

రాయిని కొరకడానికి నాలుగు దారులున్నాయి.

మొదటిది రసాయనం. ఆలివిన్‌లో మెగ్నీషియం, ఇనుము ఒకదాని చోట ఒకటి కూర్చుంటాయి. రెండూ కలిపి 100 పాళ్ళు అనుకుంటే, ఈ ముద్దల ఆలివిన్‌లో 89 నుంచి 92 పాళ్ళు మెగ్నీషియమే. మామూలు బసాల్టు నుంచి గడ్డకట్టిన ఆలివిన్‌లో ఇనుము ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. 1954లో క్లారెన్స్ రాస్, ఆయన సహచరులు వేర్వేరు దేశాల నుంచి వచ్చిన ఇలాంటి ముద్దల్ని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. పుట్టిన ఊళ్ళు వేరైనా ఖనిజాలూ వాటి పాళ్ళూ ఒకే తీరుగా ఉన్నాయి. ఒక్కో లావా ఒక్కో రకంగా ఉన్నప్పుడు అందులో పుట్టిన గింజలు ఇంత ఒకేలా ఉండడం కుదరదు. అన్ని చోట్లా కింద పరుచుకుని ఉన్న ఒకే రకం రాతి నుంచి వచ్చాయంటే కుదురుతుంది.

రెండోది ఆకారం. పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఆలివిన్ గింజల్లో వంపులు, మడతల్లాంటి పట్టీలు కనిపిస్తాయి. గట్టి రాయిగా ఉండి, పెద్ద ఒత్తిడికి మెల్లమెల్లగా వంగితేనే అలా వస్తుంది. ద్రవంలో తేలుతూ పుట్టిన గింజకు అలా వంగాల్సిన అవసరం రాదు.

మూడోది ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. స్ట్రాన్షియం లాంటి మూలకాల ఐసోటోపుల నిష్పత్తి తల్లి నుంచి బిడ్డకు మారకుండా వస్తుంది. చాలా జెనోలిత్‌లలో అది చుట్టూ ఉన్న లావాతో సరిపోదు.

నాలుగోది లోతు. ఈ ఖనిజాలు ఏ ఒత్తిడిలో పక్కపక్కన స్థిరపడ్డాయో లెక్క కడితే భూపటలం కిందికి పోతుంది. దాని సంగతి ఇంకో రెండు ప్రశ్నల తర్వాత చెబుతాను.

నా మటుకు ఈ నాలుగిట్లో రెండోదే మనసుకు పట్టేది. అంకెలు తర్వాత నమ్ముతాం, వంగిన గింజను కళ్ళతో చూస్తాం.

అయితే లావాలో దొరికిన ప్రతి ముక్కా మాంటిల్‌దేనా?

కాదు. తొందరపడి అలా అనేసేవాళ్ళు చాలామంది. లావా దారిలో భూపటలం రాళ్ళనూ విరుచుకొస్తుంది. గ్రానైట్, నీస్, సున్నపురాయి, దేన్నీ వదలదు. అంతకుముందు అదే దారిన వచ్చి మధ్యలో గడ్డకట్టిన పాత మాగ్మా ముక్కల్నీ తెస్తుంది. హవాయిలో హువలాలై అగ్నిపర్వతం 1800, 1801లో పొంగినప్పుడు ఆ లావాలో బోలెడన్ని ముక్కలు వచ్చాయి. చాలావరకు అవి మాగ్మా గదుల్లో అడుగున పేరుకున్న గింజల రాళ్ళే. అంటే నేను పైన చెప్పిన పాకం పలుకుల లెక్క కొన్నిచోట్ల నిజమే. ఒక ముక్కకు సరిపోయిన జవాబు పక్క ముక్కకు సరిపోవాలని లేదు. దేనికది కొరికి చూడాల్సిందే.

అసలు మాంటిల్‌వాటిలోనూ రకాలున్నాయి. లెర్జొలైట్ నుంచి కొంత కరిగి బసాల్టుగా వెళ్ళిపోతే డయాప్సైడ్ తగ్గిపోయి మిగిలేది హార్జ్‌బర్గైట్. ఇంకా పోతే దాదాపు ఆలివిన్ మాత్రమే మిగిలిన డ్యునైట్. పాలు, మీగడ తీసిన పాలు, మజ్జిగ తేడా లాంటిదే. ఎన్‌స్టటైట్, డయాప్సైడ్ రెండూ పైరాక్సీన్ జాతి ఖనిజాలు. ఆ జాతివే ఎక్కువగా ఉన్న పైరాక్సినైట్ నల్లగా ఉంటుంది. మాంటిల్ పగుళ్ళలోనే ఆగిపోయిన మాగ్మా నుంచి అది ఎక్కువగా వస్తుంది.

ఎక్లోజైట్ కథ వేరు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. ఎర్రటి గార్నెట్, ఆకుపచ్చ పైరాక్సీన్ కలిసి దానిమ్మ గింజలు ఆకులో కట్టినట్టుంటుంది. చాలా ఎక్లోజైట్ ముక్కల్లో ఆక్సిజన్ ఐసోటోపులు సముద్రపు నీళ్ళతో కలిసిన గుర్తు చూపిస్తాయి. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న బసాల్టు నేల, పలకల కదలికతో కిందికి దిగిపోయి, ఒత్తిడికి ఎక్లోజైట్‌గా మారి, కోట్ల ఏళ్ళు అక్కడే ఉండి, ఇంకో అగ్నిపర్వతం పుణ్యాన మళ్ళీ పైకొచ్చింది.

ఎంత లోతు నుంచి వస్తాయి?

మన రోడ్లతో చెబితే తేలిగ్గా పట్టుబడుతుంది. బెజవాడ బస్టాండు నుంచి గుంటూరు ఎంత దూరమో, ఖండాల కింద భూపటలం దాదాపు అంత మందం. 35, 40 కిలోమీటర్లు అనుకోండి. ఈ రోడ్డును నిట్టనిలువుగా కిందికి నిలబెడితే గుంటూరు చేరేసరికి మాంటిల్ గడప దగ్గర ఉంటాం. క్రొయేషియాకు చెందిన మొహొరోవిచిచ్ 1909లో భూకంప తరంగాలు చూసి ఆ గడపను కనిపెట్టారు. అందుకే దానికి మోహో అని పేరు.

కచ్‌లోని లెర్జొలైట్ లాంటివి గుంటూరు దాటి ఇంకొంచెం ముందుకు వెళ్ళిన లోతువి. కింబర్లైట్ అనే లావా తెచ్చే గార్నెట్ పెరిడోటైట్లు చాలావాటి లోతు బెజవాడ నుంచి రాజమండ్రి దూరమంత, 150 కిలోమీటర్లు, కొన్ని అంతకుమించి.

లోపలికి ఎవరూ వెళ్ళలేదు. లోతు ఎలా తెలిసింది?

రాయిలోనే రాసి ఉంటుంది. పెరిడోటైట్‌లో అల్యూమినియం ఏ ఖనిజంలో కూర్చుందనేది ఒత్తిడి మీద ఆధారపడుతుంది. సుమారు 30 కిలోమీటర్లలోపు అది ప్లేజియోక్లేజ్‌లో ఉంటుంది. అక్కడి నుంచి 70 కిలోమీటర్ల దాకా స్పినెల్‌లో. అంతకన్నా లోతైతే గార్నెట్‌లో. వేడిని బట్టి ఈ హద్దులు కొంచెం అటూఇటూ జరుగుతాయి. నా బల్ల మీది రాయిలో ఆవగింజల్లాంటి స్పినెల్ ఉంది, గార్నెట్ లేదు. ఆ నల్ల చుక్కలు చూసి లోతు చెప్పడం పెద్ద విద్యేమీ కాదు, మా రెండో సంవత్సరం పిల్లలు చెప్పేస్తారు.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే పక్కపక్కన ఉన్న రెండు పైరాక్సీన్‌లు కాల్షియాన్ని ఎలా పంచుకున్నాయో కొలుస్తారు. వేడి పెరిగేకొద్దీ రెండిటి మధ్య తేడా తగ్గుతుంది. అది థర్మామీటర్. గార్నెట్ పక్కనున్న ఎన్‌స్టటైట్‌లో అల్యూమినియం ఎంత ఉందో చూస్తే ఒత్తిడి తెలుస్తుంది. ఒత్తిడి ఎక్కువైతే అది తక్కువ. 1970లలో బాయిడ్, నిక్సన్ అనే ఇద్దరు దక్షిణాఫ్రికా పక్కనున్న లెసోతో దేశం ముక్కల మీద ఇలాంటి లెక్కలు వరుసగా కట్టి, ఏ లోతులో ఎంత వేడి ఉండేదో గీత గీశారు. ఒక్కో రాయి ఆ గీత మీద ఒక్కో చుక్క.

ఇది లావాకన్నా బరువు. మునిగిపోకుండా పైకెలా వచ్చింది?

నిజంగానే బరువు. వంటింటి త్రాసు మీద నా రాయి 64 గ్రాములు తూగింది. దారం కట్టి గ్లాసు నీళ్ళలో వేలాడదీసి తూస్తే 20 గ్రాములు తగ్గింది. 64ను 20తో భాగిస్తే 3.2, అంటే అంతే పరిమాణం నీళ్ళకన్నా 3.2 రెట్లు బరువు. చుట్టూ బసాల్టు అంటుకుని ఉంది కాబట్టి అంత వచ్చింది, లేకపోతే స్వచ్ఛమైన పెరిడోటైట్ 3.3 దాకా ఉంటుంది. కరిగిన బసాల్టు 2.7, 2.8 మాత్రమే. కదలకుండా నిలబడిన మాగ్మాలో ఈ రాయి అడుక్కి పోవాల్సిందే.

2024 సెప్టెంబరు మనకింకా గుర్తే. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మామూలు రోజుల్లో మనుషులు తోసినా కదలని ఇనుప పడవలు ఆ ప్రవాహంలో కొట్టుకొచ్చి గేట్ల దగ్గరి దిమ్మెలను గుద్దాయి. అదే కృష్ణ వేసవిలో ఇసుక రేణువును కూడా మోయలేక దిగవిడిచేస్తుంది. బరువు మోసేది వేగం. మాగ్మా కూడా అంతే. రాయి మునిగే వేగంకన్నా మాగ్మా లేచే వేగం ఎక్కువైతే రాయి పైకొస్తుంది. ముక్క ఎంత పెద్దదో చూసి మాగ్మా కనీసం ఎంత వేగంగా వచ్చి ఉండాలో లెక్క కట్టొచ్చు.

కింబర్లైట్‌ల విషయంలో సెకనుకు కొన్ని మీటర్లు అనేది చాలామంది ఒప్పుకునే అంచనా. సెకనుకు 4 మీటర్లు అనుకుంటే గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు, అంటే సైకిల్ మీద కుర్రాడి వేగం. 150 కిలోమీటర్లు పదిన్నర గంటల్లో. పొద్దున రాజమండ్రిలో బయల్దేరిన సైకిలు చీకటి పడేవేళకు బెజవాడ చేరినట్టు. వందల కోట్ల ఏళ్ళు కదలకుండా ఉన్న రాయి ఒక్క పగటిలో నేల మీదికి వచ్చి పడింది! ఈ లెక్క బోర్డు మీద వేసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ వేగం ఎక్కడిదంటే, గోలీసోడా చూడండి. గోలీ నొక్కగానే సీసాలో దాక్కున్న గ్యాసు ఒక్కసారిగా బుసకొట్టి నీళ్ళను పైకి తోస్తుంది. కింబర్లైట్‌లోనూ కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఒత్తిడికి కరిగి ఉంటాయి. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి నురగవుతాయి. 2012లో కెల్లీ రస్సెల్ బృందం ఇంకో మాట చేర్చింది. మాగ్మా దారిలో తాను విరుచుకున్న ముక్కల్లోని ఎన్‌స్టటైట్‌ను కరిగించుకుంటుందట. దాంతో అందులో సిలికా పెరిగి, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే శక్తి తగ్గి, ఇంకా గ్యాసు బయటపడుతుంది. అంటే మోసుకొస్తున్న బరువే మోసేవాడికి బలమిస్తోంది. నాకు బాగా నచ్చిన ఆలోచన ఇది.

అంత వేడి లావాలో ఎందుకు కరిగిపోలేదు?

టైమ్ లేక. గంటలూ రోజులూ సరిపోవు. ఇంత మెగ్నీషియం ఉన్న ఆలివిన్ నేల మీద కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. బసాల్టు లావా 1,200 దగ్గర ఉంటుంది. అయినా అంచులు అరుగుతాయి. మొనలు పోయి గుండ్రంగా మారడం, చుట్టూ సన్నటి అంచు కట్టడం అందుకే. ఆ అంచులోకి మూలకాలు ఎంత దూరం చొరబడ్డాయో కొలిచి, లావాలో ఎన్ని గంటలు ఉందో చెప్పేవాళ్ళున్నారు.

మన రాజమండ్రి నల్లరాయిలో కూడా వెతికితే దొరుకుతాయా?

కాటేరు, పంగిడి వైపు క్వారీల్లో ఉన్నది బసాల్టే, వయసూ కచ్ లావాకు దగ్గరే. అయినా ఆశ పెట్టుకోకండి. అది దక్కన్ లావా రకం, థోలియైట్. అలాంటి మాగ్మా పైకొచ్చే దారిలో భూపటలంలో పెద్ద గదుల్లో ఆగి, చల్లారి, మారి, అప్పుడు పొంగుతుంది. ఆగినచోటే బరువు ముక్కలన్నీ దిగబడిపోతాయి. ఆగకుండా వచ్చే క్షార బసాల్టు, కింబర్లైట్, లాంప్రాయిట్ లాంటివే ముక్కలు తెస్తాయి.

మంగళగిరి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమంటారు. అక్కడ?

పానకాల స్వామి కొండ గురించి ఈ మాట చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాం. లోపల గంధకం ఉందని, బెల్లం పానకం దాన్ని చల్లారుస్తుందని పెద్దవాళ్ళు చెప్పేవారు. స్వామికి పానకం పోయడం మన భక్తి, దానికి రాయి సాక్ష్యం అక్కర్లేదు. రాయి సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆ కొండది తూర్పు కనుమల రాయి. ఎప్పుడో భూపటలం లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపం మారి, తర్వాత పైకి తేలింది. లావా కాదు. అగ్నిపర్వతపు నోరు, బూడిద పొరలు అక్కడ లేవు.

ఇంద్రకీలాద్రి ఎక్కేటప్పుడు మెట్ల పక్క రాతిలో ఎర్రటి చుక్కలు చూడండి. గార్నెట్‌లే, కానీ మాంటిల్‌వి కావు. రాయి పేరు ఖోండలైట్, ఒకప్పటి మట్టీ బురదా భూపటలంలో కాలి మారిన రూపం. గార్నెట్ కనిపించగానే మాంటిల్ అనేయడం మా ఫస్టియర్ పిల్లలు ప్రతి ఏడాదీ చేసే పొరపాటు.

కొండపల్లిలో క్రోమైట్ తవ్వారట కదా. అది మాంటిల్ నుంచి వచ్చిందేగా?

మంచి ప్రశ్న. కొండపల్లి అంటే అందరికీ బొమ్మలు గుర్తొస్తాయి, మాకు పైరాక్సినైట్, గాబ్రో, క్రోమైట్ పొరలు గుర్తొస్తాయి. మాంటిల్‌లో పుట్టిన మాగ్మా భూపటలం అడుగున ఆగి, పొరలు పొరలుగా గడ్డకట్టిన రాళ్ళవి. అంటే పాకం పలుకులే. తర్వాత ఆ రాళ్ళు కొండలతో పాటు మెల్లగా పైకి లేచాయి, ఏ లావా వాటిని విరిచి తేలేదు. జెనోలిత్‌లు కావు.

ఆంధ్రలో నిజమైన మాంటిల్ ముక్కలు ఎక్కడున్నాయి?

అనంతపురం జిల్లాలో. వజ్రకరూరు, లత్తవరం, కల్యాణదుర్గం చుట్టుపక్కల కింబర్లైట్ పైపులున్నాయి, అంటే ఆ మాగ్మా పేలుకుంటూ పైకొచ్చిన నిలువు గొట్టాలు. సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట పేలినవి. లత్తవరం పైపులో పెరిడోటైట్ ముక్కలు, కల్యాణదుర్గం దగ్గరి ఒక పైపులో ఎక్లోజైట్‌లు దొరికాయి. వెళ్ళి చూస్తే నా కచ్ రాయిలా మెరవవు. ఇన్నేళ్ళ నీళ్ళకు ఆలివిన్ సర్పెంటైన్‌గా మారి, మాసిన పచ్చగా, సబ్బుముక్కలా ఉంటాయి. గార్నెట్‌లు మాత్రం నిలబడతాయి. చూసి నిరుత్సాహపడకండి. తెలుగు నేల కింద 110 కోట్ల ఏళ్ళ కిందట ఏముండేదో చేతితో ముట్టుకోగలిగే సాక్ష్యం అవే.

మనకు దగ్గరగా జగ్గయ్యపేట రామన్నపేట దగ్గర లాంప్రాయిట్‌లు ఉన్నాయి, సుమారు 120 కోట్ల ఏళ్ళవి. నల్లమలలో చెలిమ దగ్గరివి ఇంకా పాతవి.

వజ్రాలు కూడా ఇలాగే వచ్చాయా? కోహినూర్ మనదేగా?

వజ్రం కింబర్లైట్‌లో పుట్టదు. అదీ పరాయి రాయే. 150 కిలోమీటర్లు, అంతకన్నా లోతులో ఎప్పుడో పుట్టి, మాంటిల్ రాతిలో కూర్చుని ఉంటుంది. కింబర్లైట్ ఆ రాతిని విరిచి, చిదిపి తెస్తుంది. దక్షిణాఫ్రికా కింబర్లీ పైపులు పేలింది సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట. అక్కడి వజ్రాల్లో ఇరుక్కున్న గార్నెట్‌ల వయసు 300 కోట్ల ఏళ్ళు దాటింది. బండి వయసు వేరు, బండెక్కినవాడి వయసు వేరు.

నెమ్మదిగా వస్తే ఏమయ్యేదో కూడా తెలుసు. మొరాకోలో బెనీ బూసేరా అనే చోట మాంటిల్ ముక్క ఒకటి కొండలతో పాటు మెల్లగా పైకొచ్చింది. అందులో వజ్రం ఆకారంలోనే ఉన్న గ్రాఫైట్ దొరుకుతుంది. దారిలో ఆలస్యమై వజ్రం పెన్సిల్ ముల్లుగా మారిపోయింది.

కోహినూర్ కొల్లూరులో దొరికిందని మన పెద్దల మాట. పల్నాడు వైపు కృష్ణ ఒడ్డునున్న ఆ గనుల్ని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ చూసి రాశాడు. ఇప్పుడది పులిచింతల నీళ్ళ కింద ఉంది. కొల్లూరు, పరిటాల వజ్రాలు నదీ గులకలో దొరికినవి. వాటిని నేల మీదికి తెచ్చిన పైపు ఏదన్నది ఇప్పటికీ తేలలేదు. నా బెంగ అదే. వజ్రం మీద ఇంత మోజు ఉన్న మనకు, దాన్ని మోసుకొచ్చిన రాయి మీద ఆ మోజులో పదో వంతు కూడా లేదు.

ఒక ముక్క ఎప్పుడు పుట్టిందో ఎలా చెబుతారు?

మాంటిల్ కొంత కరిగినప్పుడు రీనియం అనే మూలకం కరిగిన ద్రవంతో పోతుంది, ఆస్మియం రాతిలో మిగులుతుంది. రీనియం మెల్లగా ఆస్మియంగా మారుతుంటుంది. రీనియం పోయిన రాతిలో ఆ గడియారం ఆగినట్టే. ఏ గంట దగ్గర ఆగిందో చూస్తే చాలు. దక్షిణాఫ్రికా ముక్కల్లో కొన్ని 300 కోట్ల ఏళ్ళు దాటాయి. పైన ఖండం ఎంత పాతదో, దాని వేళ్ళూ అంత పాతవని దీంతోనే రుజువైంది.

ఇంత తిప్పలెందుకు? డ్రిల్లు వేసి తీసుకురావచ్చు కదా?

రష్యాలో కోలా బావిని 1970లో మొదలుపెట్టి 12,262 మీటర్ల దాకా తవ్వారు. బెజవాడ నుంచి మంగళగిరి దూరం. అక్కడ వేడి 180 డిగ్రీలు, ఇక ముందుకు పోలేకపోయారు. గుంటూరు అవతలి సరుకు కావాలంటే అగ్నిపర్వతమే తెచ్చిపెట్టాలి. ఇంకా లోతువి వజ్రం లోపల దాక్కుని వస్తాయి. 2014లో బ్రెజిల్ జుయీనా వజ్రం ఒకదానిలో కంటికి ఆనని రింగ్‌వుడైట్ నలుసు దొరికింది. సుమారు 520 కిలోమీటర్ల కింద మాత్రమే ఉండగల ఖనిజం అది, బరువులో 1.5 శాతం దాకా నీరు పట్టి ఉంది.

నాకు ఒక ఆకుపచ్చ రాయి దొరికింది. ఎలా తెలుసుకోవాలి?

ముందు, అది దొరికినచోటు రాసుకోండి. ఊరు, వాగు, చేను, తేదీ, రాయి మీదే అంటించండి. ఒకసారి నేను కోయించడానికి ఇచ్చిన రెండు రాళ్ళ చీటీలు ఒక ల్యాబ్‌లో తారుమారయ్యాయి. ఆర్నెల్ల పని మళ్ళీ మొదటికొచ్చింది. ఊరు పోయిన రాయి సాక్ష్యం చెప్పలేదు.

తర్వాత భూతద్దం. ఒకే రంగు, లోపల గుండ్రటి బుడగలు ఉంటే అది గాజు గానీ కొలిమి చిట్టెం గానీ. మన కృష్ణ ఒడ్డున దొరికే వాటిలో చాలావరకు అవే. మూడు నాలుగు రంగుల గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, చుట్టూ నల్ల లావా అంచు ఉంటే అప్పుడు ఉత్సాహపడండి. పచ్చ అని చెప్పి కొనడానికి వచ్చినవాళ్ళకీ, అమ్మజూపేవాళ్ళకీ దూరంగా ఉండండి. సుత్తి వేయకండి. హైదరాబాద్‌లో జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీలో భూగర్భశాస్త్ర విభాగాలున్నాయి. అక్కడ చూపించండి.

మీ రాయి మా పాపకు చూపించొచ్చా?

తప్పకుండా. పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య తీసుకురండి, అప్పుడు మా వరండాలో ఎండ ఏటవాలుగా పడుతుంది. ముందు రాయిని పాప అరచేతిలో పెట్టి బరువు చూడనిస్తాను, రెండో చేతిలో అంతే సైజున్న గ్రానైట్ ముక్క పెడతాను. తేడా తనే చెబుతుంది. తర్వాత భూతద్దం కంటికి ఆనించుకుని రాయిని దగ్గరికి తెచ్చుకోవాలి, భూతద్దాన్ని రాయి మీద పెట్టకూడదు. మెల్లగా తిప్పుతూ పోతే ఒక్కచోట పచ్చిమిరపకాయ రంగు గింజ తళుక్కుమంటుంది. అది కనబడేదాకా తిప్పనివ్వండి, మనం వేలు పెట్టి చూపించొద్దు.